రీ: క్రియేటివ్ టీమ్‌ని నడపడం, సలహా కావాలి

> ఈ దేశానికి కొత్తగా వచ్చాను. యాడ్ ఏజెన్సీలో చిన్న క్రియేటివ్ టీమ్‌ని అప్పజెప్పారు. ఇన్నాళ్లూ కాపీ, అంటే ప్రకటనల్లోని మాటలు, రాయడమే నా పని. టీమ్ చేసిన పనిని అందరం కూర్చుని చూసే రివ్యూ అంటే టెన్షన్‌గా ఉంది. జూనియర్లు ఎదురు ప్రశ్నలు వేస్తారు, లేదంటే అందరూ మౌనంగా ఉంటారు.

నమస్తే అండీ, అభినందనలు.

ఎదురు ప్రశ్నలకు నొచ్చుకోకండి. వాళ్లు తప్పుపడుతున్నది ఐడియాని, మిమ్మల్ని కాదు. ఆలోచించాల్సింది ఆ మౌనం గురించే. రివ్యూలో మీరు అందరికంటే చివర మాట్లాడండి. స్కెచ్‌లన్నీ గోడకి అంటించాక, కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టించండి. మీరు ముందే "మూడోది బాగుంది" అన్నారనుకోండి, ఇక మిగతావాటి గురించి ఎవరూ నోరు విప్పరు.

కాపీ రాసిన చేయి కాబట్టి హెడ్‌లైన్ చూడగానే దిద్దాలనిపిస్తుంది. దయచేసి దిద్దకండి. "ఇది చదివాక కూడా ఈ వస్తువు నాకెందుకో తెలియలేదు" అని ఇబ్బంది ఎక్కడుందో చెప్పి వదిలేయండి. దారి వాళ్లు వెతుక్కుంటారు. మీరే దిద్దితే ఆ లైన్ బాగుపడుతుందేమో గానీ, మళ్లీసారి సగం పని చేసి మిగతాది మీ మీద వదిలేస్తారు.

రైటర్‌నీ ఆర్ట్ డైరెక్టర్‌నీ విడివిడిగా పిలవకండి. ఒకప్పుడు రైటర్ రాసిన కాపీ ఆర్ట్ విభాగానికి వెళ్లేది, వాళ్లు బొమ్మ వేసేవాళ్లు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే పద్ధతికి పేరు తెచ్చింది బిల్ బెర్న్‌బాక్, 1949లో న్యూయార్క్‌లో మొదలైన డాయల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీలో. 1959 నాటి ఫోక్స్‌వ్యాగన్ ప్రకటన ఒకసారి తీసి చూడండి. పేజీ దాదాపు అంతా ఖాళీ, ఓ పక్కన చిన్న కారు. ఆర్ట్ డైరెక్టర్ హెల్ముట్ క్రోన్, రైటర్ జూలియన్ కోనిగ్. ఆ ఖాళీ లేకపోతే "చిన్నగా ఆలోచించండి" అన్న హెడ్‌లైన్ మాటకు బలం లేదు, ఆ మాట లేకపోతే ఖాళీకి అర్థం లేదు. అలాంటిది విడివిడి గదుల్లో పుట్టడం కష్టం.

బ్రీఫ్, అంటే ప్రకటన ఏం చెప్పాలో క్లయింట్‌తో ఒప్పుకున్న కాగితం, ఒక్క వాక్యంలోకి రాకపోతే టీమ్‌కి ఇవ్వకండి, తిరిగి పంపండి.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది క్లయింట్ మీటింగ్. ఐడియా ఎవరిదో వాళ్లచేతే చెప్పించండి. క్లయింట్ కాదన్నప్పుడు మాత్రం ముందు మీరు మాట్లాడండి, మీ ఇష్టాయిష్టాలు కాకుండా బ్రీఫ్‌లో ఒప్పుకున్న మాట చూపించి. గదిలో మీరు తమ వెనక నిలబడ్డారని చూసినవాళ్లు తర్వాతి రివ్యూలో ధైర్యంగా నోరు విప్పుతారు. మీరు అడిగిన మౌనానికి నాకు తెలిసిన మందు ఇదే.

ప్రస్తుతం క్లయింట్ దగ్గరికి ఎవరెవరు వెళ్తున్నారో రాయండి, ఇంకొంచెం వివరంగా చెప్తాను.