"వేదాంబురాశి... వర్తిషు": నడుస్తున్న ఏడా, నిండిన ఏడా?

శాసనప్రియ:
రాజరాజనరేంద్రుడి పట్టాభిషేక శ్లోకం, కోరుమిల్లి తామ్రశాసనంలోది, రెండో పాదంలో తట్టుకుంటోంది. "యో రక్షితుం వసుమతీం శకవత్సరేషు వేదాంబురాశి ... వర్తిషు సింహగేఽర్కే". మధ్యలోది నిధియా, నందయా? రెండూ తొమ్మిదే. వేదం నాలుగు, అంబురాశి అంటే సముద్రం నాలుగు, అంకెలు చివరినుంచి వెనక్కి చదవాలి, కాబట్టి శకం 944కి ఢోకా లేదు. నా అసలు అనుమానం "వర్తిషు" మీద. 944వ ఏడు నడుస్తుండగా అనా, 944 ఏళ్లు నిండాక అనా? మొదటిదైతే క్రీ.శ. 1021, రెండోదైతే 1022.

గణవిభజన:
నిధియే. వసంతతిలకం కదండీ. "వేదాంబు" తగణం, "రాశిని" భగణం. అక్కడ "నంద" పెడితే భగణం పోయి రగణం వస్తుంది. తామ్రశాసనం తెరిచి చూడకుండానే తేలిపోతుంది.

పాత పంచాంగం:
నంద కాదని తేలుతుంది గానీ నిధి అని తేలదు. "రస" పెట్టండి, "గజ" పెట్టండి, రెండూ రెండేసి లఘువులే, వసంతతిలకం హాయిగా నడుస్తుంది. ఏడు మాత్రం వందలకు వందలు మారిపోతుంది. కవికి అది తెలుసు, అందుకే తర్వాతి పాదాల్లో అంత కట్టుదిట్టం చేశాడు: "కృష్ణద్వితీయదివసోత్తరభద్రికాయాం వారే గురోర్వణిజి లగ్నవరేఽభిషిక్తః". సూర్యుడు సింహంలో, బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారం, తులాలగ్నం. ఇన్నీ ఒకే పూట కలవడం అరుదు. 1022 ఆగస్టు 16న కలిశాయి. ఆ రోజు గురువారం. రెండు రోజుల ముందు పున్నమి. పొద్దున సూర్యుడు సింహం మధ్య దాటి ఉంటే తులాలగ్నం సుమారు తొమ్మిది, పది గంటలకు పడుతుంది. పట్టాభిషేకానికి తగిన వేళ.

తాళపత్రం:
అంబురాశికి నాలుగెందుకు? మనకు సముద్రాలు ఏడు. ఏడనుకుంటే శకం 974, అంటే 1052 అవుతుంది. ఎవరూ దీన్ని ప్రశ్నించరేం?

గణవిభజన:
భూతసంఖ్యల్లో, అంటే అంకెకు బదులు మాట వాడే పద్ధతిలో, సముద్రాలు నాలుగే, దిక్కుకొకటి. ఏడు కావాలంటే గిరి, ముని, అశ్వ ఉన్నాయి. రసం కూడా ఇంతే. అలంకారశాస్త్రం చదివినవాళ్లు తొమ్మిది అంటారు, లెక్కలవాళ్లకు ఆరు రుచులే.

తాళపత్రం:
అబ్ధిని ఏడుగా వాడినవాళ్లూ ఉన్నారు మాస్టారూ. ఆచారం పేరు చెప్పి తలుపు వేసేయకండి.

పాత పంచాంగం:
ఆచారం మాట వదిలేయండి, ఆకాశాన్నే అడుగుదాం. 1052లో సింహమాసపు బహుళ విదియ శుక్రవారానికి గానీ రాదు. గురువారం పొద్దుటికి పున్నమి చంద్రుడే. అక్కడితో ఏడు సముద్రాలు ఇంకిపోయాయి.

ఇక శాసనప్రియ గారి 1021. ఆ ఏడు సూర్యుడు సింహంలో ఉండగా వచ్చే బహుళ విదియ జూలై నెలాఖరున పడుతుంది. సూర్యుడు అప్పుడే సింహంలో అడుగుపెట్టాడు కాబట్టి చంద్రుడు శతభిషం, పూర్వాభాద్రల దగ్గరే ఉంటాడు, ఉత్తరాభాద్ర దాకా రాడు. తర్వాతి విదియ ఆగస్టు నెలాఖరున, దానికి గురువారం ఆమడ దూరం. కాబట్టి నిండిన ఏడే, 1022.

నందంపూడి కూడా చూడండి. నన్నయ భట్టు రాసిన శాసనం, భారత రచనలో తోడ్పడిన నారాయణభట్టుకి ఇచ్చిన అగ్రహారం. రాజరాజు 32వ రాజ్యవర్షంలో, చంద్రగ్రహణ వేళ. 1022 ఆగస్టు నుంచి లెక్కపెడితే 32వ ఏడు 1053 ఆగస్టున మొదలవుతుంది. 1053 నవంబరు 28 రాత్రి పొద్దుపోకముందే చంద్రగ్రహణం ఉంది, వేంగిలో కనిపించేదే. ఇద్దరు వేర్వేరు కవులు అనక్కర్లేదు, రెండు వేర్వేరు రాగిరేకులు ఒకే ఏటిని చూపిస్తున్నాయి. నాకు ఇంతకన్నా అందమైన సాక్ష్యం తెలియదు.

శాసనప్రియ:
తేదీ ఒప్పుకున్నాను పంతులుగారూ. మాట మిగిలే ఉంది. నిండిన ఏడు అయినప్పుడు "గతేషు" అనొచ్చు కదా, "వర్తిషు" అని ఎందుకన్నాడు?

గణవిభజన:
"గతేషు" అక్కడ గణాల్లో పట్టదు. పైగా వర్తి అంటే ఉన్నది అనే. శకవత్సరాలు 944 అంకె మీద ఉండగా, అంతే. నడుస్తున్నదన్న అర్థం మనం ఇప్పటి "వర్తమానం" చూసి తగిలిస్తున్నాం.

తాళపత్రం:
అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. తెలుగు శాసనాల్లో "శకవర్షంబులు ఇన్ని అగునేణ్టి ఉత్తరాయణ సంక్రాన్తి" అని వస్తుంది చూడండి. అగుట అంటే నిండటమా, కావస్తుండటమా? నా లెక్కలో అది "అగు నేఁటి", ఈనాటి అని.

శాసనప్రియ:
"నేఁటి" కాదండీ. అగున్ + ఏణ్టి, నకారం క్రియది. ఏఁడుకి ఔపవిభక్తికం (విభక్తి ముందు మారే రూపం) ఏఁటి, శాసనాల్లో ఏణ్టి. "ఈనాటి" అయితే పక్కనే సంక్రాంతి, గ్రహణం చెప్పి మళ్లీ తిథి ఎందుకు?

తాళపత్రం:
నొక్కి చెప్పడానికి. సరే, నన్నయ మాట వచ్చింది కాబట్టి ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నది అడుగుతాను. 1054 జూలైలో వృషభరాశిలో కొత్త నక్షత్రం వెలిగింది, చైనావాళ్లు రాసుకున్నారు. 23 రోజులు పట్టపగలే కనిపించింది, రాత్రిళ్లు 1056 దాకా. రాజరాజు సింహాసనం మీదే ఉన్నాడు. "శారదరాత్రు లుజ్జ్వలలసత్తరతారక" అన్న నన్నయ పద్యంలో ఆ "తర" చూడండి. లసత్ అంటే చాలదూ? మామూలు నక్షత్రాలకన్నా మిన్నగా వెలిగేదాన్ని చూసినవాడి మాట కాదా అది?

గణవిభజన:
తారక ఒక్కటే అయితే వినేవాణ్ణి. "హారపంక్తులం" అన్నాడు. వరసలు వరసలుగా ఉన్న చుక్కలు. ఆ "తర" లేకపోతే "లసత్తర తారక" అని నాలుక మీద దొర్లే అనుప్రాసే పోతుంది. అక్షరరమ్యత కోసం అంత పాటుపడ్డ కవికి ఆ "తర" వేయడానికి నక్షత్రం పేలనక్కర్లేదు.

పాత పంచాంగం:
అందులో వారం లేదు, తిథి లేదు, రాశి లేదు. శరత్తు ఏటేటా వస్తుంది. అయినా తాళపత్రం గారూ, శరత్తులో వృషభం రాత్రి మొదటి జాము దాటాక తూర్పున లేస్తుంది. అది మీ వాదానికి అడ్డు కాదు, అంతవరకు ఇస్తాను.

తాళపత్రం:
అంతవరకు చాలు. 1054 శరత్తు మీద పద్యాలు, దానశాసనాలు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. కన్నడంలోవైనా సరే.