వీడియో ఇంటర్వ్యూకు ఇంట్లో కూర్చోవడం మంచిదా, స్నేహితురాలి ఆఫీసులోనా?

ప్రశ్న (మర్రిపాలెం నుంచి):
నమస్కారమండీ. నేను బీకాం చదివి, గాజువాకలో ఒక ఆడిటర్ గారి దగ్గర రెండేళ్లుగా పనిచేస్తున్నాను. వచ్చే గురువారం ఉదయం 11 గంటలకు బెంగళూరు సంస్థ ఒకటి అకౌంట్స్ ఉద్యోగానికి గూగుల్ మీట్‌లో ఇంటర్వ్యూ చేయనుంది. మాది రైలు పట్టాలకు దగ్గరలో రెండు గదుల వాటా. నిరుడు ఇలాంటి ఇంటర్వ్యూలోనే, నాకు కొట్టినపిండి అయిన ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని, అమ్మకాల మీద కట్టాల్సిన దానిలోంచి తగ్గించుకోవడం) గురించి చెబుతుండగా కరెంటు పోయింది. వైఫై తిరిగి వచ్చేసరికి అవతల ఎవరూ లేరు. ఈసారి మధురవాడలో స్నేహితురాలు పనిచేసే ఆఫీసుకు వెళ్లాలా, ఇంట్లోనే ఏర్పాట్లు చేసుకోవాలా అన్నది తేలడం లేదు. జవాబులు కాగితం మీద రాసి తెర పక్కన అంటించుకోవచ్చా అన్నది కూడా దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (సీతమ్మధార నుంచి):
ఇంట్లోనే కూర్చోండమ్మా. పరాయి ఆఫీసులో ఏ క్షణాన ఎవరు తలుపు తోసుకుని వస్తారో మన చేతిలో ఉండదు. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఆగిపోయేది రౌటరే. చాలా రౌటర్లకు 12 వోల్టులు చాలు కాబట్టి, అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులూ ఆంపియర్లూ చూసుకుని అందుకు సరిపడే చిన్న యూపీఎస్ కొనుక్కుంటే సరిపోతుంది. ఫైబర్ కనెక్షన్‌కు రౌటర్ కాక మరో పెట్టె కూడా ఉంటే దానికీ కరెంటు కావాలన్నది మరవకండి. ఫోన్ హాట్‌స్పాట్‌ను ముందురోజే ల్యాప్‌టాప్‌కు ఒకసారి కలిపి ఉంచండి. వీటన్నిటికన్నా ముఖ్యం, ఇంటర్వ్యూ ఏర్పాటు చేసినవారి ఫోన్ నంబరు ఈమెయిల్‌లో అడిగి తీసుకోవడం. నిరుడు మీకు నష్టం చేసింది కరెంటు కాదు, పోయిందని చెప్పడానికి నంబరు లేకపోవడమే అని నాకు అనిపిస్తోంది.

జవాబు 2 (ఎంవీపీ కాలనీ నుంచి):
పదకొండేళ్లుగా అభ్యర్థులను ఇంటర్వ్యూ చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. కాగితం అంటించుకోవడం తప్పేమీ కాదు, కానీ వాక్యాలు రాసుకుంటే కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం, గొంతు బడిపిల్లలు పాఠం అప్పజెప్పినట్లు మారిపోవడం అవతలివారికి ఇట్టే తెలిసిపోతుంది. నాలుగైదు మాటలు మాత్రం రాసి, కెమెరాకు సరిగ్గా కింద అంటించండి.

మీ రంగంలో జవాబు కన్నా పని చూపించమనే అవకాశం ఎక్కువ. కొనుగోళ్ల రిజిస్టరునూ, ప్రతి నెలా 14న వచ్చే జీఎస్టీఆర్-2బినీ (సరఫరాదారులు వేసిన రిటర్నుల నుంచి జీఎస్టీ పోర్టల్ తయారుచేసే మన కొనుగోళ్ల పట్టిక) సరిపోల్చి, ఒక బిల్లు ఎందుకు కనిపించడం లేదో ఎక్సెల్‌లో తెర పంచుకుంటూ చెప్పమనవచ్చు: సరఫరాదారు రిటర్ను వేయలేదా, జీఎస్టీ నంబరులో అంకె తప్పిందా, మరుసటి నెలలో చూపించారా అన్నది వరుసగా మాట్లాడుతూ వెతకడం అలవాటు చేసుకోండి. తెర మొత్తం కాక ఆ ఒక్క విండోనే పంచుకోండి. ఒకసారి ఒక అభ్యర్థి తెర మొత్తం పంచుకోగానే, తాను పనిచేస్తున్న చోటి క్లయింట్ల పేర్లతో ఫోల్డర్లు బారులు తీరి కనిపించాయి. అబ్బాయి తెలివైనవాడే, అయినా మా లెక్కలు అతని చేతికి అప్పగించడానికి మనసు ఒప్పలేదు.

ఇంకొక మాట. మన మాట అవతలికి చేరడానికి ఒక క్షణం పడుతుంది కాబట్టి, ప్రశ్న ముగిశాక కాస్త ఆగి మొదలుపెట్టండి. కిటికీని వీపు వెనుక పెట్టుకోకండి, ముఖం చీకటి పడుతుంది. రైళ్ల చప్పుడుకు వైరున్న ఇయర్‌ఫోన్లు మేలు, కూత మరీ పెద్దగా వినిపిస్తే క్షమించమని చెప్పి ఆగండి. ఎవరూ తప్పు పట్టరు.

ప్రశ్న అడిగినవారి స్పందన:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంట్లోనే కూర్చుంటాను. నంబరు అడిగాను, వెంటనే పంపారు. నిన్న సరిగ్గా 11 గంటలకు అదే బల్ల దగ్గర, అదే ఇయర్‌ఫోన్లతో తమ్ముణ్ని ప్రశ్నలు అడగమని చెప్పి అంతా రికార్డు చేసి విన్నాను. రైలు కూత ఒక్కసారే వినిపించింది. నేను ఇన్నాళ్లూ గమనించనిది వేరే ఉంది: మా గోడకు ఆనుకుని ఉన్న నీళ్ల మోటారును ఇంటివారు రోజూ 11 గంటల ప్రాంతంలోనే వేస్తారు, దాని హోరులో నా మాట సగం వినపడలేదు. గురువారం పది గంటలకే ట్యాంకు నింపుకోమని పిన్నిగారిని అడిగితే సరేనన్నారు.