సెక్స్ అడిక్షన్: మందులు, కౌన్సెలింగ్ అయ్యాయి, తర్వాత ఏంటి?

మాది అనంతపురం, నాకు 34. రాత్రి పదకొండు దాటితే ఫోన్‌లో అవే వీడియోలు, రెండింటి దాకా. నెలకు రెండు మూడుసార్లు డబ్బిచ్చి బయటికీ వెళ్తున్నాను. సైకియాట్రిస్టు రాసిన సెర్ట్రలిన్ (డిప్రెషన్ మందు) 100 ఎంజీ నాలుగు నెలలు వాడాను, ఎనిమిది వారాలు కౌన్సెలింగ్‌కు వెళ్లాను. కీప్యాడ్ ఫోన్ కొన్నాను. తొమ్మిదో రాత్రి బీరువాలో బట్టల కింద దాచిన పాత ఫోన్ తీసి ఛార్జింగ్ పెట్టేశాను.

2014లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు కౌన్సెలింగ్‌తో పాటు సైలోసిబిన్ (కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే, భ్రాంతులు కలిగించే మందు) ఇస్తే 15 మందిలో 12 మంది ఆరు నెలలకీ సిగరెట్ ముట్టలేదట. అది సిగరెట్ సంగతి, తెలుసు. పైగా సైలోసిబిన్ మన దగ్గర మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద నేరం. దొంగతనంగా తెప్పించుకునే ఉద్దేశం లేదు. కెటమిన్ అనే మత్తుమందు మాత్రం డిప్రెషన్‌కు ఆసుపత్రుల్లో ఇస్తున్నారు.

ఈ సమస్యకు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో డాక్టర్ దగ్గర కెటమిన్ తీసుకున్నవాళ్లుంటే, ఆ గుణం ఎన్నాళ్లు నిలిచింది?