సెర్చ్ ఫలితాల్లో ట్యాగులు: సేవ్ చేసేటప్పుడే తీసేయాలా?

గోదారి_డెవ్: మా ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల సైట్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడుస్తోంది. ఫలితాల్లో చిన్న ముక్క చూపించడానికి అందులోని టీఎస్_హెడ్‌లైన్ ఫంక్షన్ వాడుతున్నా. దొరికిన మాటకి అటూ ఇటూ తనే బి ట్యాగ్ (అక్షరాల్ని బోల్డ్ చేసే హెచ్‌టీఎంఎల్ గుర్తు) పెడుతుంది. అలాగే పేజీలో వేస్తే యూజర్ రాసిన ట్యాగులు కూడా పనిచేసేస్తున్నాయి, ఎస్కేప్ చేస్తే (ట్యాగులు పనిచేయకుండా మామూలు అక్షరాలుగా మారిస్తే) నా బి కూడా అక్షరాల్లా కనబడుతోంది. సేవ్ చేసేటప్పుడే ట్యాగులన్నీ పీకేయమంటారా?

నల్లరేగడి: పీకేయండి. ఇందులో ఆలోచించడానికేముంది?

అర్ధరాత్రి_డీబీఏ: వద్దండీ, యూజర్ రాసింది ముట్టుకోకండి. హైలైట్‌కి ముందూ వెనకా ఏం పెట్టాలో చెప్పే స్టార్ట్‌సెల్, స్టాప్‌సెల్ ఆప్షన్లకి బి బదులు మామూలు రాతలో రాని రెండు గుర్తులివ్వండి. వచ్చినదంతా ఎస్కేప్ చేసి, ఆ తర్వాతే గుర్తుల చోట హైలైట్ చేసే మార్క్ ట్యాగ్ పెట్టండి.

పల్నాడు_పిల్లోడు: ట్యాగులు పోస్ట్‌గ్రెస్సే తీసేస్తుంది కదా బ్రో, నేను చూశా.

అర్ధరాత్రి_డీబీఏ: కొన్ని తీస్తుంది తమ్ముడూ, ముక్క కాకుండా మొత్తం రాత చూపించే హైలైట్‌ఆల్ ఆప్షన్ పెడితే అవీ తీయదు. నేరుగా వెబ్‌పేజీలో పెట్టడానికి సురక్షితమన్న హామీ లేదని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. పైగా జావాలో లిస్ట్<స్ట్రింగ్> అని ఇంగ్లీషులో రాస్తే స్ట్రింగ్‌ని ట్యాగ్ అనుకుని వెతకడానికి వాడే ఇండెక్స్‌లో చేర్చదు, ఆ మాటతో వెతికితే ఆ జవాబు రాదు.

నల్లరేగడి: తీస్తుందా తీయదా అన్నది పక్కన పెట్టండి సార్. మా పాత ఆఫీసులో వెబ్‌లో ఎస్కేప్ చేశారు, రోజూ వెళ్లే ఈమెయిల్‌లో మర్చిపోయారు. పొద్దున్న ఆరింటికి కస్టమర్ ఫోన్. తిట్లు తిన్నది నేను, మర్చిపోయినవాళ్లు కాదు.

అర్ధరాత్రి_డీబీఏ: నేను పనిచేసిన చోట మీలాగే శుభ్రం చేద్దామని స్క్రిప్ట్ నడిపారు. ఒక జవాబులో a<b, c>d అన్న షరతు ఉంటే మధ్యలోది మొత్తం పోయి ad మిగిలింది. బ్యాకప్ లేదు. అలా ఎన్ని పోయాయో! ఆ జవాబు రాసినాయన మళ్లీ మా సైట్‌కి రాలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నల్లరేగడి: అరవకండి. నా గొడవ ట్యాగులతో కాదు. స్క్రీన్లు చేసేవాళ్లు ప్రతిచోటా గుర్తుపెట్టుకుని ఎస్కేప్ చేస్తారని నేను నమ్మలేను, అంతే.

అర్ధరాత్రి_డీబీఏ: ఆ మాట ముందే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. అయితే ఎస్కేప్ చేసిందే ఏపీఐ (వెబ్, యాప్‌లకి డేటా అందించే సర్వర్ భాగం) నుంచి పంపండి.

గోదారి_డెవ్: మొబైల్ యాప్‌లో < గుర్తుకి బదులు &lt; అని అలాగే కనబడుతుందండీ.

అర్ధరాత్రి_డీబీఏ: సరే, ముక్కల జాబితాగా పంపండి. ఇది మామూలు మాట, ఇది హైలైట్ అని విడివిడిగా. వెబ్, యాప్, ఈమెయిల్, ఎవరి తీరులో వాళ్లు గీసుకుంటారు.

నల్లరేగడి: ఈమెయిల్ టెంప్లేట్‌లో మాత్రం ఎస్కేప్ ఆటోమేటిక్‌గా ఆన్‌లో ఉండాలి. అది చూపించండి, ఒప్పుకుంటా.