లాన్ మోవర్ పది నిమిషాలకే ఆగిపోతోంది, మోటార్ పోయినట్టేనా?

ప్రశ్న
వైరుతో నడిచే లాన్ మోవర్, కొని నాలుగేళ్లయింది, ఇన్నాళ్లూ ఏ పేచీ పెట్టలేదు. ఈ వారం మాత్రం పది నిమిషాలు కోయగానే ఆగిపోతోంది, అరగంట వదిలేస్తే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతోంది. నిన్నయితే స్విచ్ నొక్కితే గుయ్‌మంది గానీ బ్లేడ్ తిరగలేదు. కాస్త కాలిన వాసన కూడా వచ్చింది. వానలకి గడ్డి మోకాలిదాకా పెరిగింది, పైగా చివరిదాకా అందడం లేదని పాత ఎక్స్‌టెన్షన్ వైరు వాడుతున్నాను. కింద చెయ్యి పెట్టి బ్లేడ్ తిప్పి చూద్దామనుకుని భయమేసి ఆగాను.

జవాబు 1
ఆగి మంచిపని చేశారు. గుయ్‌మంటోందంటే మోటార్‌కి కరెంటు అందుతోంది, బ్లేడ్ ఎక్కడో పట్టేసి ఉండొచ్చు. అలాంటప్పుడు ఇరుక్కున్న గడ్డి లాగారా, బ్లేడ్ అమాంతం తిరుగుతుంది, వేళ్లు అక్కడే ఉంటాయి. స్విచ్ ఆపితే చాలదండీ, ప్లగ్ పీకి మీ కళ్లెదుటే పెట్టుకోండి (బ్యాటరీ మిషనైతే బ్యాటరీ తీసేయాలి). మందపాటి గ్లౌజులు వేసుకుని, మిషన్‌ని పక్కకి ఒరిగించి, కర్రముక్కతో గీకండి. మాది ఒకసారి అలా తిప్పి చూస్తే లోపల గడ్డి పిడకలా గట్టిపడిపోయి ఉంది, బ్లేడ్ కదలడానికి చోటే లేదు. పైపు పెట్టి కడగొద్దు, నీళ్లు మోటార్‌లోకి పోతాయి.

ఆగి ఆగి నడవడం మోటార్ పోవడం కాకపోవచ్చు. చాలా మిషన్లలో మోటార్ బాగా వేడెక్కితే దానంతటదే ఆపేసి, చల్లారాక మళ్లీ కలిపే ఏర్పాటు ఉంటుంది.

జవాబు 2
నాకు ఆ ఎక్స్‌టెన్షన్ వైరు మీదే అనుమానం. పొడవైన సన్నటి వైరులో వోల్టేజ్ పడిపోతుంది, మోటార్‌కి బలం చాలక వేడెక్కుతుంది. పని ఆపి, ప్లగ్ తీసేశాక వైరుని పట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటే అదే జబ్బు. చుట్టలాగే ఉంచి వాడితే వేడి బయటికి పోయే దారి ఉండదు, మొత్తం విప్పి పరవాలి. బ్లేడ్ కోసిన చోట టేపు చుట్టి నెట్టుకొస్తున్న వైరైతే దయచేసి పారేయండి, తడి గడ్డి మీద అది ప్రాణానికే ప్రమాదం. ప్లగ్ పెట్టే చోట 30 మిల్లీఆంప్స్‌కి ట్రిప్పయ్యే ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా లేదా కూడా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు
కింద నిజంగానే రెండు వేళ్ల మందం గడ్డి పేరుకుంది! అంతా గీకేసి, ఈసారి ఎత్తు పెంచి, పైపైన కోశాను. ఇరవై నిమిషాలు ఆగకుండా నడిచింది. వైరు మాత్రం వెచ్చబడింది, మారుస్తున్నాను. మళ్లీ గుయ్‌మంటే మోటార్ మూత విప్పొచ్చా?

జవాబు 1
వద్దు. బ్లేడ్ ఫ్రీగా తిరుగుతున్నా గుయ్‌మనే ఉంటే కొన్ని మోటార్లలో కెపాసిటర్ (మోటార్ స్టార్ట్ అవ్వడానికి కరెంటు దాచి ఉంచే భాగం) పోయి ఉండొచ్చు, అది ప్లగ్ పీకాక కూడా షాక్ కొట్టొచ్చు. అది మెకానిక్ చూడాల్సిన పని. వైరు మార్చేదాకా మిషన్ పక్కన పెట్టేయండి.