అప్‌డేట్: మాక్బెత్‌లో ఆ ‘ఫైల్’ సంగతి తేలింది

షేక్‌స్పియర్ మాక్బెత్ నాటకం మూడో అంకం మొదటి రంగంలో, తోటి సేనాని బాంకో సంతానం కోసం ‘నా మనసును ఫైల్ చేశాను’ అని మాక్బెత్ ఎందుకంటాడని అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థాంక్స్.

ఆఫీసు ఫైలుకీ దీనికీ చుట్టరికమే లేదు. ఆఫీసు ఫైల్ అనే మాట దారం అనే అర్థమున్న లాటిన్ ‘ఫీలుమ్’ నుంచి వచ్చింది. ఒకప్పుడు కాగితాలను దారానికి గుచ్చేవారు. ఆకురాయిని కూడా ఫైల్ అనే అంటారు, దాని దారి ఇంకొకటి.

నాటకంలోని క్రియ పాత ఇంగ్లీషు ‘ఫ్యూలాన్’. మురికి చేయడం, మైలపరచడం అని అర్థం. ఫౌల్, ఫిల్త్ దీని తోబుట్టువులే. బాంకో వంశంవాళ్లు రాజులవుతారని మంత్రగత్తెలు జోస్యం చెప్పారు. రాజు డంకన్‌ను చంపి మనసు మైల చేసుకున్నది చివరికి బాంకో పిల్లల్ని రాజుల్ని చేయడానికా అని మాక్బెత్ ఏడుపు!

నాకు బాగా నచ్చింది మాత్రం దీని మూలధాతువు. అదే ధాతువు నుంచి కుళ్లు అనే అర్థంలో సంస్కృతంలో ‘పూతి’ ఉంది, మన పూతిగంధంలో (కుళ్లు వాసన) ఉన్నదే. పితృ, ఫాదర్ జంటలో లాగే ఇక్కడా ‘ప’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ఫ’ వచ్చింది.

మైలపరచడం అనే అర్థమే ఉన్న డిఫైల్ కథ వేరు. పాత ఫ్రెంచిలో కాళ్లతో తొక్కడం అనే మాట ఇంగ్లీషులోకి వచ్చి, ఈ ఫైల్ ప్రభావంతో రూపం మార్చుకుంది. ఇరుకు కనుమదారిని కూడా డిఫైల్ అంటారు గానీ, దానికి మూలం మళ్లీ ఆ దారమే.