శవాల్లేని శ్మశానం: సమాధి శిలువల్ని ప్రదర్శనకు పెట్టొచ్చా?

మ్యూనిక్ వాసి:
ఆస్ట్రియాలో టిరోల్ ప్రాంతంలో క్రామ్‌సాక్ అని ఒక ఊరు. అక్కడి మ్యూజియం శ్మశానంలో ఒక్క శవమూ లేదు. ఉన్నవన్నీ పాత సమాధుల మీది ఇనుప శిలువలే. గుగ్గెన్‌బెర్గర్ అనే కమ్మరి కుటుంబం పోగుచేసి నిలబెట్టింది. జనం ఆ రాతలు చదివి నవ్వుకుంటారు. ఒకాయన గురించి ‘పిల్లల్నీ పెళ్లాన్నీ ఆర్గాన్‌నీ వాయించినవాడు’ అని రాసుంది! నాకూ నవ్వొచ్చింది. కానీ చనిపోయినవాళ్ల గుర్తుని టూరిస్టుల వినోదానికి పెట్టడం నాకు నచ్చలేదు. మీరేమంటారు?

కడప బిడ్డ:
ముమ్మాటికీ తప్పే అన్నా. నవంబర్ 2న సమాధుల పండుగంటే మేం ముందే సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. తాత శిలువ మ్యూజియంకి ఇమ్మంటే మా నాన్న కర్ర తీస్తాడు.

కొలిమి:
మీ నాన్నగారి కోపం న్యాయమే. కానీ అక్కడ సమాధి జాగా సొంతం కాదండీ, అద్దెది. చాలాచోట్ల పదేళ్లకోసారి డబ్బు కట్టి పొడిగించుకోవాలి. కట్టే దిక్కు లేకపోతే జాగా ఇంకొకరికి పోతుంది, శిలువ పాత ఇనుప సామాన్లలోకి పోతుంది.

ఆ పనితనం ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? కమ్మీని ఎర్రగా కాల్చి, మధ్యలో బెజ్జం కొట్టి, ఇంకో కమ్మీని అందులోంచి దూరుస్తారు. కొసలు తీగల్లా చుట్టి, కలిసేచోట ఇనుప పట్టీ బిగిస్తారు. కొన్నిటికి నడుమ చిన్న రేకు పెట్టె, దానికి బుల్లి తలుపులు. తెరిస్తే లోపల రంగుతో రాసిన పేరు, తేదీలు. వానకి చెరిగిపోకుండా ఆ ఏర్పాటు. ఇంత చేసినదాన్ని తుక్కు కింద తూకమేస్తే చచ్చినవాళ్లకి గౌరవం దక్కినట్టా?

మ్యూనిక్ వాసి:
అద్దె సంగతి తెలుసండీ. ఆస్ట్రియాలోనే హాల్‌స్టాట్ అనే ఊళ్లో కొండకీ చెరువుకీ మధ్య చోటు చాలక పది పదిహేనేళ్లకే సమాధి తవ్వి పుర్రె బయటికి తీసేవాళ్లు. దానిమీద పేరు రాసి, ఆకుల దండ చిత్రించి, చర్చి దగ్గరి ఎముకల గదిలో పెట్టేవాళ్లు. అక్కడ దాదాపు 1,200 పుర్రెలుంటే సగానికి పైగా రంగులేసినవే. వాటినీ టూరిస్టులు చూస్తారు, కాదనను. కానీ ఆ ఊరు తనవాళ్లని తన దగ్గరే ఉంచుకుంది. క్రామ్‌సాక్ శిలువలది తలో ఊరు. అక్కడ సమాధుల దగ్గరికెళ్లేది నవంబర్ 1న; ఆ రోజు దీపం పెట్టడానికి ఏ మనవడొస్తాడు?

కొలిమి:
ఆ మనవడే అద్దె కట్టుంటే శిలువ అక్కడిదాకా వచ్చేదా?

కడప బిడ్డ:
సరే, ఉంచుకోమనండి. ఆ పెళ్లాన్ని వాయించినాయన శిలువ దగ్గర మాత్రం నేను కొవ్వొత్తి పెట్టను.